మాంచెస్టరును విడవని సర్ జాన్ బార్బిరోలి

కండక్టరు అనగానే మనకు ఏలూరు పాత బస్టాండులో టిక్కెట్లు కొట్టే మనిషే గుర్తుకొస్తాడు. సంగీతంలో కూడా కండక్టరు అనే ఉద్యోగం ఒకటుంది. డెబ్బై ఎనభై మంది వాద్యకారుల ముందు చిన్న వేదిక మీద నిలబడి, చేతిలో సన్నని పుల్ల పట్టుకొని, జనానికి వీపు చూపించి చేతులు కదిలించే వ్యక్తి ఆయన. ఒక్క వాద్యమూ వాయించడు. నోరు విప్పి పాడడు. అయినా కచేరీ ముగిశాక మొదటి చప్పట్లు ఆయనకే. ఇదెక్కడి న్యాయమని ఎవరికైనా అనిపిస్తుంది.

మన సంగీతంలో ఈ అవసరం లేదు. ద్వారకా తిరుమల కొండమీద సన్నాయి మేళంలో డోలు వాయించే ఆయన ఎవరి సైగ కోసమూ చూడడు. సన్నాయి విద్వాంసుని ఊపిరిని బట్టి అతని చెయ్యి నడుస్తుంది. అందరూ ఒకే రాగాన్ని పట్టుకొని వెళతారు. పాశ్చాత్య సంగీతంలో అలా కుదరదు. ఒకే క్షణంలో ఒకరి స్వరం పైకి వెళుతుంది, ఒకరిది కిందికి దిగుతుంది, ఇరవై మంది ఊరికే కూర్చొని తమ వంతు కోసం లెక్కపెట్టుకుంటూ ఉంటారు. క్రిస్మసుకు గాయకబృందానికి నాలుగు గొంతుల పాట నేర్పినవారికి ఈ బాధ తెలుసు. కాగితం మీద ఉన్న సంగీతం ఇంకా సంగీతం కాదు. సెమినరీలో చదివే అరిస్టాటిల్ భాషలో చెప్పాలంటే అది శక్యత మాత్రమే. దానిని ఎవరో ఒకరు క్రియలోనికి తేవాలి. ఆ పనిలో జీవితాన్ని ఖర్చు పెట్టిన సర్ జాన్ బార్బిరోలి అనే కతోలికుని గురించి ఈ వారం చెప్పుకుందాం.

బార్బిరోలి 1899 డిసెంబరు 2న లండన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జొవాన్నీ బత్తిస్తా, అంటే మన స్నాపక యోహానుగారి పేరే. తండ్రి లొరెంజో ఇటలీవాడు, తల్లి ఫ్రాన్సు దేశస్థురాలు. తాత అంతోనియో, తండ్రి లొరెంజో ఇద్దరూ వయొలిన్ విద్వాంసులు. మిలాన్ నగరంలోని లా స్కాలా నాటకశాలలో 1887లో వెర్ది రచించిన ఒతెల్లో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఇద్దరూ ఆ వాద్యబృందంలో ఉన్నారు. అదే బృందంలో చెల్లో వాయిస్తూ తొస్కనీని అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు కూర్చున్నాడు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బతుకుతెరువు కోసం ఆ కుటుంబం లండన్ చేరి, థియేటర్లలో వాయించుకుంటూ స్థిరపడింది. మనవడికి నాలుగైదేళ్లకే వయొలిన్ ఇచ్చారు. వాడు కుదురుగా నిలబడకుండా గదులన్నీ తిరుగుతూ వాయించేవాడు. తాతగారికి విసుగెత్తి ఒకరోజు గుర్రపుబండి కట్టించుకొని వెళ్లి చిన్న చెల్లో కొని తెచ్చారు. చెల్లో అంటే వయొలిన్ కుటుంబానిదే, కాని పెద్దది. కూర్చొని, మోకాళ్ల మధ్య ఆనించుకొని తప్ప వాయించలేరు. పిల్లవాడు కూర్చున్నాడు. పెద్దల విసుగు కూడా ఒక్కోసారి దైవసంకల్పానికి పనికొస్తుంది.

పదకొండేళ్ల వయసులో, 1911లో, క్వీన్స్ హాల్‌లో కచేరీ చేశాడు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో 1916 వరకు చదివి, ఆ ఏడే క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో అందరికంటె చిన్నవాడుగా చేరాడు. మూకీ సినిమాల దగ్గర, హోటళ్లలో, డాన్సు హాళ్లలో, కూలి దొరికిన ప్రతిచోటా వాయించాడు. మొదటి ప్రపంచయుద్ధం చివర సైన్యంలో ఉన్నప్పుడు అతని ఇంటిపేరు పలకలేక పైవాళ్లు ఐరిష్ పేరు చేసి బాబ్ ఒరైలీ అని పిలిచేవారట. మొదటిసారి వాద్యబృందాన్ని నడిపించింది కూడా ఆ సైనికుల మధ్యనే.

1919 అక్టోబరు 27. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఎడ్వర్డ్ ఎల్గార్ కొత్తగా వ్రాసిన చెల్లో కన్సర్టోను మొదటిసారి వినిపించిన రోజు. ఎల్గార్ స్వయంగా నడిపించారు. అదే కచేరీలో మిగతా అంశాలకు బాధ్యుడైన మరొక కండక్టరు సాధన సమయమంతా తానే మింగేశాడు. ఎల్గార్ రచనకు మిగిలింది చాలా తక్కువ. కచేరీ చెడిపోయింది. ఆ అవమానం జరుగుతున్నప్పుడు వెనుక చెల్లోల వరుసలో ఇరవై ఏళ్లు నిండని బార్బిరోలి ఉన్నాడు. పదిహేను నెలలు తిరగకముందే, 1921 జనవరిలో, బోర్న్‌మత్ పట్టణంలో అదే కన్సర్టోలో ప్రధాన వాద్యకారుడుగా వాయించాడు. ఇతరులు పట్టించుకోని రచనను అతను మాత్రం వదలలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లండును సంగీతం లేని దేశమని జర్మనులు ఎగతాళి చేసేవారు. ఇంగ్లీషువారు కూడా అది నిజమేనని నమ్మి, బాక్, బేతోవెన్, వాగ్నర్ వినడానికి డబ్బు పెట్టి, తమవారి రచనలను మర్యాద కోసం మాత్రం వినేవారు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకే కాదు. ఎల్గార్, డీలియస్, వాన్ విలియమ్స్ వంటి వారి రచనలను దేశదేశాల్లో మళ్లీ మళ్లీ వినిపించినవారిలో బార్బిరోలి ముఖ్యుడు. ఆయన ఒంట్లో ఇంగ్లీషు రక్తం ఒక్క చుక్క కూడా లేదు. ఇటలీ తండ్రికీ ఫ్రెంచి తల్లికీ పుట్టిన కొడుకు, తనకు అన్నం పెట్టిన గడ్డ పాటను ఆ గడ్డవాళ్లకే నేర్పాడు.

పేరు వచ్చింది 1927 డిసెంబరులో. సర్ థామస్ బీచమ్‌కు ఒంట్లో బాగుండక, లండన్ సింఫనీ కచేరీ బార్బిరోలి మీద పడింది. అందులో ఎల్గార్ రెండవ సింఫనీ ఉంది. గంటసేపు సాగే ఆ కష్టమైన రచనను నేర్చుకోవడానికి రెండు రోజులు మాత్రమే దొరికాయి. నేర్చుకున్నాడు. ఆ రాత్రి వచ్చిన పేరుతో గ్రామఫోను కంపెనీ ఒప్పందం, ఒపేరా బృందాలు, తర్వాత 1933 నుండి స్కాట్లండులో ఆర్కెస్ట్రా, వరుసగా వచ్చాయి.

1936లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ నుండి పిలుపు వచ్చింది. అక్కడి పీఠాన్ని అప్పుడే వదిలినవారు తొస్కనీని. లా స్కాలాలో తాత పక్కన కూర్చున్న చెల్లో కుర్రవాడే! యాభై ఏళ్లలో అతను ప్రపంచంలోకెల్లా పేరుమోసిన కండక్టరు అయ్యాడు. అటువంటివాని కుర్చీలో ముప్ఫై ఆరేళ్ల పరదేశి కూర్చుంటే పత్రికలవాళ్లు ఊరుకుంటారా? కొందరు విమర్శకులు ఏళ్ల తరబడి వెంటబడి కొట్టారు. వాద్యకారులు మాత్రం ఆయన పక్షమే. బెంజమిన్ బ్రిటన్ వయొలిన్ కన్సర్టోను 1940లో, సింఫోనియా ద రెక్వియెమ్‌ను 1941లో బార్బిరోలి అక్కడే మొదటిసారి వినిపించారు.

అప్పటికే యూరపులో యుద్ధం మండుతోంది. ఆయన మనసు లండన్‌లో ఉంది. 1942లో జలాంతర్గాముల భయంతో కూడిన అట్లాంటిక్ దాటి వెళ్లి, కష్టాల్లో ఉన్న బ్రిటిషు వాద్యకారుల సహాయార్థం కొన్ని వారాలు కచేరీలు చేసి తిరిగి వచ్చారు. న్యూయార్క్‌లో కొనసాగాలంటే సంఘం నిబంధన ప్రకారం అమెరికా పౌరసత్వం తీసుకోవాలి. తన దేశం బాంబుల కింద ఉన్నప్పుడు పౌరసత్వం మార్చుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. సరిగ్గా అప్పుడు మాంచెస్టరు నుండి హాలే ఆర్కెస్ట్రాను నడిపించమని కబురు వచ్చింది.

మాంచెస్టరు అంటే మన తాతలకు మిల్లుగుడ్డ. మన చేనేతవారి మగ్గాల పొట్ట కొట్టిన బట్ట అక్కడినుండే వచ్చేది. ఆ పొగగొట్టాల ఊళ్లో 1858లో చార్లెస్ హాలే అనే జర్మను వలసవాది ఈ వాద్యబృందాన్ని స్థాపించాడు. మిల్లు యజమానులూ గుమాస్తాలూ కూలీలూ ఒకే కప్పు కింద విన్న సంగీతం అది. వాళ్లు వాయించే ఫ్రీ ట్రేడ్ హాల్ 1940 డిసెంబరు బాంబుదాడిలో గోడలు మాత్రం మిగిలి కాలిపోయింది.

1943 జూన్ మొదట్లో బార్బిరోలి లిస్బన్ మీదుగా విమానంలో ఇంగ్లండు చేరారు. ఆయనకూ సినిమా నటుడు లెస్లీ హోవర్డ్‌కూ విమానాల తేదీలు మారాయని ఆయన జీవితం వ్రాసినవారు చెబుతారు. హోవర్డ్ ఎక్కిన విమానాన్ని జూన్ 1న జర్మను యుద్ధవిమానాలు కూల్చివేశాయి. ఒకరు బ్రతికి ఒకరు పోవడాన్ని దేవుని ఏర్పాటు అని తొందరపడి అనకూడదు. పోయినవారి తల్లికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. జరిగింది ఇది, అంతే.

మాంచెస్టరు చేరాక తెలిసిన సంగతి వేరు. డెబ్బై మంది ఉండవలసిన బృందంలో ముప్ఫై మందికి మించి లేరు. యువకులు సైన్యంలో ఉన్నారు. బి.బి.సి. వారి బృందంతో పంచుకుంటున్న వాద్యకారులలో నలుగురు తప్ప అందరూ ఖాయమైన జీతం ఉన్న బి.బి.సి. వైపే వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్లకూ పిల్లలున్నారు. న్యూయార్క్ పీఠం వదిలి వచ్చిన మనిషి ముందు ఉన్నది కాలిన హాలు, ఖాళీ కుర్చీలు. మొదటి కచేరీ తేదీ నెల రోజుల్లో ఉంది.

తిరిగి వెళ్లి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన గదిలో కూర్చొని వచ్చిన ప్రతివాణ్ణీ పరీక్షించడం మొదలుపెట్టారు. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. మొదటి ఫ్లూటుకు దొరికినవాడు బడికి వెళ్లే పిల్లవాడు. కొమ్ము వాయించడానికి ఒక ఉపాధ్యాయురాలు వచ్చింది. ఇత్తడి వాద్యాలకు చుట్టుపక్కల బ్యాండుమేళాల నుండి, సైనిక బ్యాండ్ల నుండి మనుషులను తీసుకున్నారు. చెవి ఉందా, పనిచేసే ఓపిక ఉందా అన్నవే చూశారు. దొరికినవారిని రోజుకు ఎన్నో గంటలు సాధన చేయించారు. 1943 జూలై 5న బ్రాడ్‌ఫర్డ్‌లో కొత్త హాలే మొదటి కచేరీ జరిగింది. విన్నవారు పాత హాలే తిరిగి వచ్చిందన్నారు. ఆయన జీవితంలో ఇంతకంటె పెద్ద పని మరొకటి లేదని నా అభిప్రాయం. తర్వాత చేసిన రికార్డులన్నీ ఈ నెల రోజుల మీద కట్టినవే.

సొంత హాలు లేక ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగారు. మాంచెస్టరులో పెద్ద కచేరీలు జంతుప్రదర్శనశాల ఆవరణలో సర్కసు ఆడే హాలులో జరిగేవి. వేల మంది వచ్చేవారు. 1951 నవంబరులో ఫ్రీ ట్రేడ్ హాల్ మళ్లీ లేచింది. ప్రారంభోత్సవంలో కేథలిన్ ఫెరియర్ పాడింది. ఆ అమ్మాయి ఒకప్పుడు ఎవరికీ తెలియని టెలిఫోన్ ఉద్యోగిని. కాన్సరుతో బాధపడుతూనే పాడేది. 1953 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో బార్బిరోలి నడిపిస్తున్న ఒపేరాలో, రెండవ ప్రదర్శన మధ్యలో ఆమె కాలి ఎముక విరిగింది. ఆసరా పట్టుకొని నిలబడి చివరిదాకా పాడింది. చూస్తున్నవారికి ఆ సంగతే తెలియదు. అదే ఆమె చివరి ప్రదర్శన. అక్టోబరు 8న 41 ఏళ్లకే కన్నుమూసింది. కన్నకూతురు పోయినంతగా బార్బిరోలి దుఃఖించారు.

ఆ సంవత్సరాల్లోనే బ్రిటిషు రచయితలకు హాలే సొంత ఇల్లు అయింది. చెల్టెనమ్ పట్టణపు ఉత్సవాల్లో ఏటేటా కొత్త సింఫనీలు వినిపించారు. వాన్ విలియమ్స్ ఏడవ సింఫనీని 1953 జనవరి 14న, ఎనిమిదవ దానిని 1956 మే 2న మాంచెస్టరులోనే మొదటిసారి వాయించారు. ఎనిమిదవది ఆయనకే అంకితం. ఎనభై దాటిన ఆ పెద్దాయన తన మిత్రునికి గ్లోరియస్ జాన్ అని పేరు పెట్టారు. ఆ పేరే లోకంలో నిలిచింది.

ఇప్పుడు మన కుటుంబాలకు దగ్గరి సంగతి. ఎల్గార్ కతోలికుడు. వూస్టర్ పట్టణంలో కతోలిక దేవాలయంలో ఆర్గన్ వాయించినవాడు. కార్డినల్ న్యూమన్ 1865లో వ్రాసిన డ్రీమ్ ఆఫ్ జెరోన్షియస్ అనే దీర్ఘకావ్యానికి ఆయన సంగీతం కట్టాడు. మరణశయ్య మీద ఉన్న ఒక ముసలివాడు, చుట్టూ ప్రార్థించే స్నేహితులు, సాగనంపే గురువు. తర్వాత ఆ ఆత్మను కావలి సన్మనస్కుడు దేవుని సన్నిధికి తీసుకువెళ్లి, ఒక్క క్షణం చూపించి, ఉత్తరింపు స్థలపు నీళ్లలోకి మెల్లగా దించుతాడు. మన ఇళ్లలో చావుబ్రతుకుల మధ్య ఉన్నవారి మంచం చుట్టూ మోకరించి చెప్పే ప్రార్థనల వరసే అది. 1900 అక్టోబరు 3న బర్మింగ్‌హామ్‌లో మొదటి ప్రదర్శన ఘోరంగా దెబ్బతింది. గాయకులకు పాఠమే రాలేదు. ఆ దెబ్బకు ఎల్గార్ విశ్వాసమే కదిలింది. పైగా ప్రొటెస్టంటు ఇంగ్లండులో మరియమాత పేరు, పునీతుల పేర్లు, మృతుల కొరకు ప్రార్థన ఎవరికి నచ్చుతాయి? 1902లో వూస్టర్ కథెడ్రల్‌లో పాడవలసి వచ్చినప్పుడు ఆ మాటలను కత్తిరించి పాడారు.

బార్బిరోలికి ఈ రచన ప్రాణం. మాంచెస్టరులో ఎన్నోసార్లు చేశారు, ఫెరియర్ సన్మనస్కుని పాత్ర పాడిన రోజులు అందులో ఉన్నాయి. ఇటలీకి తీసుకువెళ్లారు. కాస్టెల్ గాండోల్ఫోలో పన్నెండవ పయస్ పాపుగారి ఎదుట డబ్లిన్ గాయకబృందంతో వినిపించారు. వూస్టర్‌లో కత్తిరించిన మాటలు పాపుగారి ముందు వినిపించాయి. 1964 డిసెంబరులో జానెట్ బేకర్, రిచర్డ్ లూయిస్, కిమ్ బోర్గ్ పాడగా హాలేతో దానిని రికార్డు చేశారు. తర్వాత ఎన్ని రికార్డులు వచ్చినా, సన్మనస్కుడు వీడ్కోలు చెప్పే చివరి భాగం కోసం మాత్రం చాలామంది దీని దగ్గరకే వస్తారు. కావ్యం వ్రాసిన న్యూమన్‌ను శ్రీసభ 2019లో పునీతునిగా, 2025లో శ్రీసభ పండితునిగా ప్రకటించింది.

ఇదంతా చెప్పి బార్బిరోలిని పునీతుల పక్కన నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మొదటి వివాహం నిలవలేదు, 1938లో విడాకులయ్యాయి. మరుసటి ఏడు ఓబో వాద్యకారిణి ఎవిలిన్ రోత్‌వెల్‌ను చేసుకున్నారు. తిండి సరిగా తినేవారు కాదు, నిద్రపోయేవారు కాదు, విస్కీ అలవాటు ఉండేది. రాత్రంతా కూర్చొని వయొలిన్ల కమాను ఎటు నడవాలో ఒక్కొక్క ప్రతిమీద తానే గుర్తులు పెట్టేవారు. ఒళ్లు మరచి నడిపిస్తూ మూలిగేవారు. ఆ మూలుగు రికార్డుల్లో కూడా పడింది. వయసు పెరిగేకొద్దీ నడక మరీ నెమ్మదించిందని విమర్శించేవారు ఉన్నారు, కొన్ని చోట్ల వారి మాట నిజమే. హాలేకు డబ్బు చాలక, మంచి వాద్యకారులు లండన్ జీతాలకు ఆశపడి వెళ్లిపోతుంటే ఊరి పెద్దలతో బహిరంగంగా దెబ్బలాడారు. బి.బి.సి. సింఫనీ పిలిచినా, కోవెంట్ గార్డెన్ పిలిచినా, మాంచెస్టరు వదలలేదు. బెర్లిన్‌లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో పేరు తెచ్చుకొని కూడా మళ్లీ అక్కడికే వచ్చేవారు. 1949లో సర్ బిరుదు వచ్చింది. 1968లో ఇరవై ఐదేళ్లు నిండాక ప్రధాన బాధ్యత దిగారు.

ఎల్గార్ చెల్లో కన్సర్టో సంగతి మిగిలింది. 1956లో యువ చెల్లో వాద్యకారులకు ఇచ్చే బహుమానం కోసం జరిగిన పరీక్షకు బార్బిరోలి పెద్దగా కూర్చున్నారు. పదకొండేళ్ల జాక్లిన్ దు ప్రే అనే పిల్ల వచ్చి వాయించింది. బహుమానం ఆ పిల్లకే ఇచ్చారు. 1965 ఆగస్టు 19న ఇరవై ఏళ్ల దు ప్రే, అరవై ఐదేళ్ల బార్బిరోలి లండన్‌లో కలిసి ఆ కన్సర్టోను రికార్డు చేశారు. వాయించినది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, 1919లో సాధన లేక చెడిపోయిన ఆ రాత్రి వాయించిన బృందమే. ఆ రికార్డుతో ఎల్గార్ రచన ప్రపంచమంతా తెలిసింది. దు ప్రే నరాల జబ్బుతో 1973 నాటికే కచేరీలు ఆపవలసి వచ్చింది. 1987లో, 42 ఏళ్ల వయసులో మరణించింది.

1970 నాటికి బార్బిరోలి గుండె బాగా పాడైంది. వేదికల మీదా సాధనల్లోనూ కూలిపోవడం మొదలైంది. డాక్టర్లు ఆపమన్నారు, ఆపలేదు. ఆ జూలైలో కింగ్స్ లిన్ పట్టణంలో ఒక పాత ప్రార్థనాలయంలో హాలేతో చివరిసారి ఎల్గార్ మొదటి సింఫనీ నడిపించారు. తర్వాత జపాన్ ప్రయాణం కోసం లండన్‌లో మరొక బృందంతో సాధనకు దిగారు. జూలై 29న ఆ సాధన ముగించుకొని ఇంటికి వెళ్లారు. ఆ రాత్రే గుండెపోటుతో మరణించారు. లండన్ కెన్సల్ గ్రీన్‌లోని సెయింట్ మేరీస్ కతోలిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఫ్రీ ట్రేడ్ హాల్ ఇప్పుడు హోటలు. హాలే 1996లో కొత్త హాలుకు మారింది, దాని ముందున్న కూడలికి బార్బిరోలి స్క్వేర్ అని పేరు పెట్టారు. ఎవిలిన్ 2008 దాకా జీవించారు.